ప్రళయకావేరి పక్షులు – వానికి పేరు పెట్టిన పల్లెలు

కావ్యములు చదివినవారికి హంస క్రొత్త కాదు. అది పాలను నీటిని వేరుచేయును. నలుని మాటను దమయంతికి చేర్చును. వానకారు రాగానే మానస సరస్సునకు తరలిపోవును. ఇన్ని సంగతు లెరిగిన చదువరియే ఊరిచెరువు గట్టుమీద నడచుచుండగా, నీళ్లలో ఒంటికాలిపై నిలిచిన పక్షి యేదని పిల్లవాడు అడిగినచో, ఏదో కొంగయని చెప్పి ముందునకు సాగిపోవుట కలదు. ఆ గట్టుమీదనే గొడ్లు కాచుకొను బాలుడు దాని పేరు చెప్పును. అది తినున దేదియో, ఏ నెలలో వచ్చునో, ఏ చెట్టున గూడు కట్టునో కూడ చెప్పును. పుస్తకమునందలి విద్యకును గట్టుమీది విద్యకును గల యీ యెడము మిక్కిలి పాతది. ఆంధ్రదేశపు దక్షిణపు కొనను సముద్రతీరమున నున్న ప్రళయకావేరి చరిత్రలో ఈ రెండు విద్యలును కొన్నిమారులు కలిసికొన్నవి. కలిసినప్పుడు నిలిచిన దేమి, కలియనప్పుడు పోయిన దేమి అనునదే యీ వ్యాసమునకు విషయము.

నీటి స్వరూపము

ప్రళయకావేరిని తమిళులు పళవేర్కాడు అందురు. ఇంగ్లీషువారి నోట అదియే పులికాట్ అయినది. భారతదేశమునందలి ఉప్పునీటి సరస్సులలో ఒడిస్సాలోని చిలికా తరువాత ఇదియే పెద్దది. ఉత్తర దక్షిణములుగా దీని పొడవు సుమారు 60 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల 15 కిలోమీటర్లను మించును. కొన్నిచోట్ల ఈ గట్టున కేకవేసిన ఆ గట్టున వినబడును. ఇందు అధికభాగము ఆంధ్రప్రదేశమునకును, దక్షిణపు కొన తమిళనాడునకును చెందినవి. సముద్రమునకును సరస్సునకును నడుమ శ్రీహరికోట దీవి పెట్టనిగోడవలె పడియున్నది. దక్షిణమున ఆరణి నదియు, పడమట కాళంగి నదియు తమ వరదనీటిని ఇందు విడుచును. పళవేర్కాడు, రాయదొరువు, తూపిలిపాళెము అను చోట్లనుండు ముఖద్వారముల గుండా సముద్రపు పోటు లోనికి వచ్చును.

ఈ సరస్సునకు లోతు లేదు. పలుచోట్ల నీరు మోకాటిబంటి, మొలబంటి మాత్రమే. లోతు లేకపోవుటయే దీని సంపద. నెల్లూరు సీమకు ముఖ్యమైన వానలు ఈశాన్య ఋతుపవనమువలన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. అప్పుడు నదులు పొంగును, ఉప్పునీరు తియ్యబడును, చేపపిల్లలును రొయ్యపిల్లలును పెరుగును. పుష్యమాఘములలో నీరు వెనుకకు తీయగా బురదనేల బయటపడి, అందలి పురుగులు, గుల్లలు పక్షుల ముక్కులకు అందును. వైశాఖమునకు పెక్కుచోట్ల నేల బీటలువారి ఉప్పు పేరుకొనును. రైతు పంచాంగము చూచుకొని నారుపోసినట్లు, పక్షులు ఈ నీటి పంచాంగమును చూచుకొని వచ్చుచు పోవుచుండును.

వర్తకుల లెక్కలు

ఈ తీరమునకు వచ్చిన పరదేశీయులలో ముఖ్యులు డచ్చివారు. వారు 17వ శతాబ్దపు తొలి యేండ్లలో పళవేర్కాడు చేరి, 1613లో గెల్డ్రియా అను కోటను కట్టించిరి. 1690లో నాగపట్టణమునకు తరలువరకు కోరమండల తీరమున వారి వ్యాపారమునకు ఇదియే ముఖ్యస్థానము. ఇచటి నేత బట్టలు తూర్పుదీవులకు ఓడలమీద పోయినవి. పిమ్మట ఇంగ్లీషువారి కాలమున మద్రాసునుండి ఉత్తరముగా కాలువ త్రవ్వబడినది. 1877–78 నాటి గొప్ప కరువులో కూలిపనులు కల్పించుటకై దానిని మరికొంత సాగించి, నాటి గవర్నరు పేరిట బకింగ్‌హామ్ కాలువ యనిరి. సరస్సును ఆనుకొని పోవు ఆ కాలువలో ధాన్యము, ఉప్పు, వంటచెరకు పడవలమీద మద్రాసునకు చేరెడివి.

లెక్కలు వ్రాయువాడు వెలగల వస్తువునకే పద్దు వేయును. బట్టకు బారువు కలదు, ఉప్పునకు తూకము కలదు. ఆ పడవల తలలమీదుగా ఎగిరిపోయిన పక్షులకు పద్దు లేదు. వాని లెక్క జాలరులకును, యానాదులకును, తీరపు రైతులకును నోటిలో నుండెడిది. ఆ నోటిలెక్కను కాగితముమీద కెక్కించినవారిలో ముఖ్యుడు ఒక వైద్యుడు.

నెల్లూరి వైద్యుడు

థామస్ జెర్డాన్ అను నతడు 1811లో పుట్టి, 1836లో మద్రాసు సైన్యమునకు వైద్యుడుగా వచ్చెను. రోగులను చూచుట ఆయన వృత్తి; పక్షులను చూచుట ఆయన ప్రాణము. కొంతకాలము నెల్లూరిలో సివిల్ సర్జనుగా నుండెను. అప్పుడు తూర్పుకనుమలలో తిరుగుచు, అడవిని అరచేతిరేఖలవలె నెరిగిన యానాదుల వలన అనేక విషయములు తెలిసికొనెను. 1843 మొదలు 1847 వరకు మద్రాసులో ఆయన 50 బొమ్మలతో దక్షిణదేశపు పక్షులపై ఒక గ్రంథము ప్రకటించెను. ఆ పిమ్మట 1862–64 సంవత్సరములలో వెలువడిన ఆయన భారతదేశ పక్షుల గ్రంథమున వేయికి పైగా పక్షిజాతులు వర్ణింపబడినవి.

తెలుగువారికి ఆ గ్రంథమునందు ప్రత్యేకమైన విలువ యొకటి కలదు. జెర్డాన్ పలు పక్షులకు లాటిను పేరు, ఇంగ్లీషు పేరు వ్రాసి యూరకుండలేదు. హిందీ, తమిళము మున్నగువానితోపాటు తెలుగు పేరును కూడ విచారించి వ్రాసెను. ఆ పేర్లను ఆయనకు చెప్పినవారు పండితులు కారు. వలలు పన్నువారు, ఉచ్చులు వేయువారు, పొలములు కావలికాయువారు. పరదేశి చెవికి వినబడినట్లు వ్రాయుటచే కొన్ని పేర్లు వంకరపోయినవి. వంకరపోయినను నిలిచినవి. ఇంచుమించు ఆ దినములలోనే, 1852లో, బ్రౌనుదొర తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించి కావ్యపదములతోపాటు వాడుకమాటలకును చోటిచ్చెను.

పల్లెనోట నిలిచిన పేరు ఎంతపని చేయునో ఒక ఉదాహరణము చాలును. జెర్డాన్ పెన్నానది పరిసరములలో కనుగొన్న ఒక పక్షికి 1848లో శాస్త్రీయముగా పేరు పెట్టబడినది. అది నేలమీద పరుగెత్తునది, రాత్రివేళ తిరుగునది. 1900 సంవత్సరమున అనంతపురము ప్రాంతమున ఒకరు చూచిన పిమ్మట పండితుల కెవ్వరికిని కనబడలేదు. అంతరించినదనియే పెక్కుమంది తలచిరి. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు దాని బొమ్మను పల్లెలలో చూపుచు వెదకసాగిరి. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటము ప్రాంతపు అడవిలో దానిని పట్టి తెచ్చినది బొమ్మచూచి గుర్తించిన ఒక గ్రామస్థుడు. కలివిపొదలలో తిరుగునది గనుక అచటి జనులకు అది కలివికోడి. 86 ఏండ్లు శాస్త్రమునకు కనబడని పక్షి, పొదల మధ్య బ్రతుకువారికి కనబడుచునే యుండెను. పట్టుబడిన ఆ పక్షి కొద్దికాలమునకే చనిపోయినది. అయినను దాని మూలముననే ఆ అడవికి రక్షణ లభించినది.

ముక్కును చూచిన మెతుకు తెలియును

పల్లెవారు పక్షులకు పెట్టిన పేర్లు ప్రళయకావేరి ప్రాంతమున విన్నచో, వారు ముందుగా చూచునది ముక్కు నని తెలియును. నత్తగుల్లకొంగ యున్నది. దాని ముక్కు మూసినను నడుమ సందు కనబడును. ఆ ముక్కుతో గుల్లనుండి నత్తను లాగి తినును. పేరులోనే దాని యాహారము చెప్పబడినది. తెడ్డుమూతికొంగ ముక్కు గంజి కలుపు తెడ్డువలె కొనను వెడల్పై యుండును. నీటిలో దానిని ఇటునటు ఆడించుచు, తగిలిన చిన్న చేపను, పురుగును పట్టును. తెల్లకంకణము ముక్కు కొడవలివలె వంగినది. మెత్తని బురదలోనికి దించి వెదకును. గూడబాతు క్రింది ముక్కునకు తోలుసంచి వ్రేలాడును. జాలరి చేతివలవలె దానితో నీటిని చేపను ఒక్కసారిగా ఎత్తి, నీరు పోనిచ్చి చేపను మ్రింగును. నీటికాకి మునిగి వేటాడి, పిమ్మట కొమ్మమీద రెక్కలు విప్పి ఆరబెట్టుకొనును. ఒకే సరస్సున ఇన్ని జాతులు కలహింపక బ్రతుకుట కిదియే మర్మము. ఎవరి ముక్కు వారిది, ఎవరి లోతు వారిది.

వీని నడుమ జనులందరి చూపులను లాగికొనునది ఫ్లెమింగో. ఈ ప్రాంతమున దానిని రాజహంస యనుటయు కలదు. పొడవైన కాళ్లు, పొడవైన మెడ, తెలుపున కలిసిన గులాబివన్నె, ఎగిరినప్పుడు రెక్కల క్రింద బయటపడు ఎరుపు. ఆ వన్నె దాని యాహారమునుండి వచ్చినది. పిల్లలు బూడిదవన్నెతో నుండి, ఏండ్లు గడచినకొలది ఎర్రబారును. అది గూడు కట్టునది ఇచట కాదు. గుజరాతులోని కచ్ఛపు రణమున బురదను దిబ్బవలె పేర్చి గ్రుడ్డు పెట్టును.

కావ్యములలోని హంస ఇది కాదని పండితుల విచారణ. డచ్చి పండితుడు వోగెల్ వ్రాసి 1962లో ప్రకటింపబడిన గ్రంథమున, ప్రాచీనుల హంస పెద్దబాతు జాతికి చెందినదని నిరూపించెను. తలపై రెండు నల్లని పట్టెలు గల యొక బాతు నేటికిని హిమాలయములు దాటి చలికాలమున భారతదేశమునకు వచ్చును. ఎండలు ముదురకముందే తిరిగిపోయి టిబెట్టు సరస్సులలో పిల్లలను చేయును. కాలమున కొంత తేడా యున్నను, కవులు చెప్పిన మానసయాత్ర వట్టి కల్పన కాదు. గట్టుమీద నిలిచి చూచినవాడెవడో మొదట దానిని చెప్పియుండవలెను.

ఇక క్షీరనీర న్యాయము సంగతి. ఏ పక్షియు పాలను నీటిని వేరుచేయలేదు. కాని ఫ్లెమింగో మేతను చూచినవారికి ఆ మాట జ్ఞప్తికి రాక మానదు. అది తలను వంచి ముక్కును తలక్రిందుగా నీటిలో నుంచును. నాలుక పిచికారి కడ్డీవలె ముందునకు వెనుకకు ఆడుచు నీటిని లోనికి లాగి బయటికి నెట్టును. ముక్కు అంచులయందలి సన్నని పళ్లు జల్లెడవలె పనిచేసి, కంటికి సరిగా కనబడని నాచును, సూక్ష్మజీవులను మాత్రము లోన నిలుపును. న్యాయము హంసది, పని ఫ్లెమింగోది.

నేలపట్టు కడపచెట్లు

సరస్సునకు ఉత్తరమున సుమారు 20 కిలోమీటర్ల దూరమున నేలపట్టు అను పల్లె యున్నది. అచటి చెరువులో కడపచెట్లు నీళ్లలోనే నిలిచి పెరుగును. వానలు పడి చెరువు నిండగానే గూడబాతులు వచ్చి ఆ చెట్లమీద గూళ్లు కట్టును. నత్తగుల్లకొంగలు, కంకణములు, నీటికాకులు తోడగును. చుట్టును నీరుండుటచే నక్కయు అడవిపిల్లియు గూటిని చేరజాలవు. పెద్దపక్షులు ప్రళయకావేరి దిక్కునకు వేటకు పోయి, సంచిలో చేపలు తెచ్చి పిల్లల నోటి కందించును. నీరు ముందుగా ఎండినచో పిల్లలకు రక్షణము పోవును. అందుచే చెరువు నిండుట రైతునకెంత ముఖ్యమో గూడబాతునకును అంత ముఖ్యము.

ఆ ఊరివారు ఈ పక్షులను కొట్టరు, కొట్టనీయరు. పక్షులు వచ్చిన యేడు పంట బాగుండునని వారి నమ్మకము. నమ్మకమున కాధారము లేకపోలేదు. పక్షుల రెట్ట నీటిలో కలిసి చెరువు క్రింది పొలములకు ఎరువగును. 1976లో ప్రభుత్వము నేలపట్టును, ఆంధ్రదేశపు ప్రళయకావేరిని పక్షి సంరక్షణ కేంద్రములుగా ప్రకటించెను. చట్టము వచ్చుటకు మునుపు ఆ పనిని చేసినది ఊరి కట్టుబాటు.

ఇట్టి కట్టుబాటు కాగితమున కెక్కిన చోటు తమిళదేశమున నొకటి కలదు. చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్ చెరువుపై సిపాయిలు పక్షులను కాల్చుచుండగా, ఊరివారు పోయి కలెక్టరుతో మొరపెట్టుకొనిరి. 18వ శతాబ్దము ముగియుచుండగా కలెక్టరు లయనెల్ ప్లేస్ అచటి పక్షులను ఎవరును బాధింపరాదని కౌలు వ్రాసి యిచ్చెను. 1858లో అది మరల ఖాయపరుపబడినది. ఊరివారు ఆ కాగితమును భద్రపరచుకొనుటచేతనే నేడు ఆ చరిత్ర తెలియుచున్నది.

కాగితము లేక పోయినదానికి ఉదాహరణము గోదావరి సీమలో నున్నది. పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతులు చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుచుండగా, కేరళకు చెందిన నీలకంఠన్ అను అధ్యాపకుడు చూచి, 1949లో బొంబాయి సంఘపు పత్రికలో వ్రాసెను. తరువాతి కాలమున ఆ గూళ్లు కనుమరుగైనవి. నాడు ఒక పొరుగుదేశపు అధ్యాపకుడు చూచి వ్రాయనిచో, వందలకొలది పక్షులు ఒక తెలుగు పల్లెను నమ్ముకొని బ్రతికినవను మాట కథగానైనను దేశమునకు తెలిసెడిది కాదు. ఆ నీలకంఠనే 1958లో కేరళ పక్షులను గూర్చి మలయాళమున గొప్ప గ్రంథము వ్రాసి, తనవారి పక్షులను తనవారి పేర్లతో తనవారికి పరిచయము చేసెను.

ఇటీవలి కాలము

గడచిన అర్ధశతాబ్దములో ప్రళయకావేరి చాల మార్పులు చూచినది. 1969లో శ్రీహరికోటను రాకెట్టు ప్రయోగములకు ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న అచటినుండి మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. సూళ్లూరుపేటనుండి సరస్సు నడుమగా దీవికి బాట వేయబడినది. ఆ బాటవలననే సామాన్యులు నేడు కాలు తడవకుండ పక్షులను చూడగలుగుచున్నారు. 1990 తరువాత తీరమంతట రొయ్యల గుంటలు ప్రబలినవి. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు, చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల పెంపకము సాగరాదని తీర్పు చెప్పెను. 2001 మొదలు సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుపుట ఆరంభమైనది.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము చప్పుడు లేక వచ్చునది. ముఖద్వారములు ఇసుకతో పూడును. వరదయు పోటును తగినంత లేనిచో అవి తెరచుకొనవు. అప్పుడు చేపపిల్ల లోనికి రాదు, నీటి ఉప్పదనము తప్పును. పక్షికిని జాలరికిని ఒకేసారి కూడు పోవును. సంరక్షణ కేంద్రమనగానే జాలరికి తన వల పోవునను భయము కలుగుట సహజము. కాని పూడిన ముఖద్వారముచే ముందుగా నష్టపోవువాడును జాలరియే. ఈ సరస్సు జాలరులలో పాడు అను వంతుల పద్ధతి కలదు. ఎవరు ఏ దినమున ఏ చోట వల వేయవలెనో దానిచే నిర్ణయించుకొందురు. పంచుకొనుట నేర్చిన ఆ జనులకు పక్షి పగది కాదు.

నోటిమాట, వ్రాతమాట

రెండవ పూడిక మరియొకటి కలదు. అది పేర్ల పూడిక. వలలు విడిచి, పశువులు విడిచి, చదువులకును ఉద్యోగములకును పోయిన పిల్లలు ఫ్లెమింగోను, పెలికానును ఎరుగుదురు. కంకణమును, తెడ్డుమూతిని ఎరుగరు. పెద్దవాడొకడు పోయిన, అతనితో పది పక్షుల పేర్లును, అవి వచ్చు తిథులును పోవును. ప్రళయకావేరి దీవులలోని పలుకుబడిని స.వెం. రమేశ్ తన "ప్రళయకావేరి కథలు" అను పుస్తకమున కాపాడెను. కాని ఒక్క పుస్తకము ఒక్క సీమకే చాలును. ఊరూరి చెరువునకు తన పక్షులున్నవి, తన పేర్లున్నవి.

గ్రామ గ్రంథాలయము ఇందుకు తగిన స్థానము. దీనికి ధనము వలదు, పాండిత్యము వలదు. గీతలు గీసిన పుస్తక మొకటి చాలును. మొదటి గడిలో తేది. రెండవ గడిలో పక్షిని ఊరి పెద్దలు పిలుచు పేరు. మూడవ గడిలో ఉజ్జాయింపు సంఖ్య. నాలుగవ గడిలో చెరువున నీటి మట్టము. కడపటి గడిలో చూచినవారి సంతకము. 25 సంవత్సరముల క్రిందట గ్రంథాలయము తెరచిన దినముననే అట్టి పుస్తకమును తెరచియున్నచో, ఏ యేడు ఏ పక్షి మొదట వచ్చెనో, ఏ యేడు రాక మానెనో, ఆ యేడు చెరువున నీరెంతయో నేడు ఏ బాలుడైనను చదివి చెప్పగలిగెడివాడు. సాక్ష్యము లేని ఫిర్యాదు కచ్చేరిలో నిలువదు. చెరువు ఎండినదన్న మాటకును, పక్షులు తగ్గినవన్న మాటకును అదే సాక్ష్యము.

గడచిన 25 ఏండ్లు మరల రావు. ఈశాన్యపు వానలు మాత్రము ప్రతి యేడును వచ్చును, వానితో పక్షులును వచ్చును. రానున్న కార్తీకమున మొదటి గూడబాతు చెరువుమీద వాలిననాడు, చూచినవారెవరైనను గ్రంథాలయమునకు వచ్చి తేది వేసి వ్రాయవచ్చును. వ్రాయరానివాడు చెప్పిన, వ్రాయవచ్చినవాడు వ్రాయవలెను. జెర్డానును యానాదులును కలిసి చేసినపని అంతియే.